స్టేడియంలో కల్లు అమ్మితే తప్పేంటి?

2025 డిసెంబర్ 13న మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వచ్చి వెళ్ళాడు. అప్పటినుంచి మా చైతన్యపురి సందుల్లో క్రికెట్ బ్యాట్లు కాస్త వెనక్కి తగ్గాయి. సాయంత్రమైతే పిల్లలు బంతిని కాళ్ళతో తంతూ పార్క్ చేసిన బండ్ల అద్దాలు పగలగొట్టే పనిలో ఉంటున్నారు. మా వాడికైతే ఈ పిచ్చి అంతకు ముందునుంచే ఉంది. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ గోవాలో కేరళ జట్టుని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు గెలిచినప్పుడు పసుపు జెర్సీ కొనిపెట్టమని రెండు రోజులు అన్నం మానేశాడు. ఇప్పుడా క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. జెర్సీ మాత్రం మా బీరువాలో ఉంది. పొట్టయిపోయినా పారేయనివ్వడు.

ఇంట్లో ఆట గురించి మాట మొదలైతే నేను సాధారణంగా వంటింట్లో నా పని చూసుకుంటాను. ఈసారి మాత్రం కూర స్టవ్ మీదే వదిలేసి హాల్లోకి రావాల్సి వచ్చింది, మాట కల్లు మీదికి మళ్ళింది కాబట్టి.

మా మరిది మాంచెస్టర్‌లో ఉంటాడు. సెలవుకి వచ్చాడు. అక్కడి చిన్న చిన్న ఫుట్‌బాల్ గ్రౌండ్లలో ఆ ఊళ్ళోనే తయారైన బీరు అమ్ముతారట. పెద్ద కంపెనీలది కాదు, పక్క వీధిలో ఎవరో పది మంది కలిసి పెట్టుకున్న చిన్న బట్టీది. ఊరి జట్టు, ఊరి బీరు. "మన దగ్గర చూడు వదినా, స్టేడియంకి పోతే రంగునీళ్ళ కూల్‌డ్రింక్ తప్ప ఏం దొరకదు. మన కల్లు పెడితే ఏమైతది? మన గౌడన్నలకు నాలుగు పైసలొస్తయి కదా" అన్నాడు. మా ఆయన "మంచిగనే ఉంటది" అని తలూపాడు. మా అత్తమ్మ "సిగ్గులేకుంటే సరి, ఇంట్ల ఆడపిల్ల ఉన్నది" అని కసిరింది. ఆ తర్వాత ముగ్గురూ నా వంక చూశారు.

ఎందుకంటే మాది గీత ఇల్లు. చౌటుప్పల్ దగ్గర మా ఊళ్ళో మా నాయన మోకు, ముస్తాదు కట్టుకుని రోజుకు రెండు పూటలా చెట్లెక్కినవాడు. మా చదువులు, మా పెళ్ళిళ్ళు ఆ లొట్ల మీదే నడిచాయి. కాబట్టి కల్లుని పట్టుకుని "ఛీ, తాగుడు" అని ఒక్క ముక్కలో తేల్చేయడం నావల్ల కాదు. బోనాల నాడు అమ్మవారికి సాక పోసేది కల్లుతోనే. పొద్దుటి తియ్య కల్లు రేకలో పోసుకుని, చెట్టు కింద నాలుగు మాటలు చెప్పుకుని పొలానికి పోయిన మనుషులని చూస్తూ పెరిగాను. అందులో నాకు సిగ్గేమీ లేదు.

అయినా స్టేడియంలో కల్లు వద్దనే అన్నాను. ఎందుకో చెప్తాను.

మొదట లెక్క. ఇల్లు నడిపేవాళ్ళం, మనకి లెక్కే ముఖ్యం. ఉప్పల్ స్టేడియంలో సుమారు 39,000 మంది పడతారు. పది మందిలో ఒక్కరు, అర లీటరు చొప్పున తాగారనుకుందాం. దగ్గర దగ్గర 1,950 లీటర్లు. మా నాయన లెక్క ప్రకారం మంచి చెట్టు రోజుకు రెండు, రెండున్నర లీటర్లు ఇస్తుంది. రెండున్నర వేసుకున్నా 780 చెట్లు కావాలి, అదీ ఒక్క రోజు కల్లుకే. మా నాయన గీసింది పదిహేను చెట్లు. అంటే ఒక్క మ్యాచ్‌కి 52 మంది మా నాయనలు చెట్లెక్కాలి. వాళ్ళ ఊళ్ళలో రోజూ తాగేవాళ్ళకి ఆ రోజు చుక్క మిగలకూడదు. దించిన కల్లు ఎండకి పులిసి పాడవకుండా సాయంత్రానికి ఎల్బీ నగర్ దాటి ఉప్పల్ చేరాలి. ఇదంతా జరిగే పనేనా?

జరగదు. జరగనప్పుడు ఏమవుతుందో మనకి తెలుసు. చెట్టు ఇవ్వనిది బకెట్టు ఇస్తుంది. నీళ్ళు, చక్కెర, మత్తు మందు. హైదరాబాద్‌లో కల్లు దుకాణాలను 2004లో మూయించి 2014లో మళ్ళీ తెరిచారు. నగరంలో తాగేవాళ్ళు ఎక్కువ, నగరం దగ్గర చెట్లు తక్కువ. ఆ తేడాని ఆల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మందులతో పూడ్చేవాళ్ళు తయారయ్యారు. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి ఎంతో మంది ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. అవి నిద్రకీ ఆందోళనకీ డాక్టర్ రాసిస్తే వేసుకునే మాత్రలు. ఆ వార్త చూసిన రోజు మా నాయన అన్నం సగంలో వదిలేసి లేచాడు. "చెట్టు పేరు చెడగొట్టిన్రు" అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద తిట్టు నేను వినలేదు.

అందుకే "మన గౌడన్నలకి నాలుగు పైసలు" అనే మాట వినడానికి బాగుంటుంది గానీ, అంత గిరాకీ ఒక్కసారి పుట్టిస్తే ఆ పైసలు చెట్టెక్కినవాడికి రావు. మధ్యలో కలిపినవాడికి పోతాయి.

రెండోది ఇంగ్లాండ్ సంగతి. మా మరిది చెప్పింది అబద్ధం కాదు, కానీ సగమే చెప్పాడు. ఆయన చెప్పిన ఊరి బీరు కథ కింది స్థాయి జట్ల గ్రౌండ్లది. పైస్థాయి పురుషుల ఫుట్‌బాల్‌లో 1985 నుంచి ఒక చట్టం ఉంది. ఆట కనిపించే చోట కూర్చుని మందు తాగకూడదు. లోపల బార్ ఉంటుంది, అక్కడే తాగి, గ్లాసు అక్కడే వదిలి సీటుకి రావాలి. స్కాట్లాండ్‌లో ఇంకా ముందే, 1980 కప్ ఫైనల్‌లో సెల్టిక్, రేంజర్స్ అభిమానులు మైదానంలోకి దిగి కొట్టుకున్నాక కట్టడి తెచ్చారు. 2022 ప్రపంచ కప్‌కి ఖతార్ వాళ్ళు ఇంకో రెండు రోజుల్లో ఆట మొదలవుతుందనగా స్టేడియాల్లో బీరు అమ్మకం ఆపేశారు. తాగే దేశాలూ తాగని దేశాలూ అన్నీ ఈ విషయంలో తర్జనభర్జన పడినవే.

మా ఆయన ఒక మంచి ప్రశ్న వేశాడు. "లోపల అమ్మకపోతే బయట గబగబా తాగి వస్తరు. లోపల అమ్మితే మెల్లగ తాగుతరు కదా?" నిజమే, ఇంగ్లాండ్‌లో కూడా ఈ వాదన ఉంది. ఆఖరి నిమిషం దాకా పబ్బులో తాగి ఒక్కసారే గేటు దగ్గరికి తోసుకొస్తారట. 2025 జనవరిలో అక్కడి మహిళల లీగుల్లో కొన్ని గ్రౌండ్లలో సీట్లోనే తాగనిచ్చి చూశారు. మగవాళ్ళ పెద్ద మ్యాచుల్లో కాదు, ఆడవాళ్ళ మ్యాచుల్లో! అక్కడ కుటుంబాలు, పిల్లలు ఎక్కువ. గొడవలు తక్కువ. నాకైతే ఇందులో అర్థమైంది ఇది: గ్లాసులో ఏముందన్నది ఒక్కటే కాదు, స్టాండ్లో ఎవరెవరు కూర్చున్నారన్నదీ ముఖ్యమే.

దీనికి ఇంకో కథ చెప్తాను. టర్కీలో ఫెనర్‌బాచే అనే పెద్ద జట్టు అభిమానులు గొడవ చేశారని శిక్ష వేయాల్సి వచ్చింది. అంతకు ముందు ఖాళీ స్టేడియంలో ఆడించేవారు. 2011 సెప్టెంబర్‌లో మాత్రం మగవాళ్ళకి ప్రవేశం లేదు, ఆడవాళ్ళూ పన్నెండేళ్ళ లోపు పిల్లలూ ఉచితంగా రావచ్చు అన్నారు. 41,000 మందికి పైగా వచ్చారు. స్టేడియం నిండిపోయింది. పాటలు, అరుపులు, ఈలలు, అన్నీ ఉన్నాయి. ఆడవాళ్ళకి ఆట ఇష్టం లేదని ఎవరన్నారు? చోటు ఉండాలి, అంతే.

ఆ చోటు గురించే నా బాధంతా. నగరంలోనే ఒక మైదానంలో ఒకసారి మా వెనక వరసలో ఇద్దరు బయట తాగి వచ్చి కూర్చున్నారు. గోల్ పడ్డ ప్రతిసారీ మా మీద పడుతూ, పడనప్పుడు బూతులు తిడుతూ గడిపారు. మా పాప అప్పుడు ఏడో తరగతి. సగం ఆటలో నా చెవిలో "అమ్మా, ఇంటికి పోదాం" అంది. డబ్బులు పెట్టి కొన్న టికెట్టు, ఏడాదిగా ఎదురు చూసిన ఆట. లేచి వెళ్ళింది మేము. వాళ్ళు చివరిదాకా కూర్చున్నారు. ఇలాంటిది మీలో ఎంతమందికి జరిగిందో నాకు తెలియదు గానీ, జరిగినవాళ్ళు మళ్ళీ టికెట్టు కొనేముందు పదిసార్లు ఆలోచిస్తారు. అలా మనమే ఒక్కొక్కరం తగ్గిపోతాం. తర్వాత "ఆడవాళ్ళు రారండీ" అని తేల్చేస్తారు.

తిరుగు దారి కూడా చూడండి. ఉప్పల్‌లో రాత్రి ఆట అయ్యాక స్టేడియం స్టేషన్‌లో మెట్రో ఎక్కితే నాగోల్‌తో సరి. మన ఎర్ర లైను ఎల్బీ నగర్ దగ్గర ఆగుతుంది. ఈ రెండు కొసల మధ్య మెట్రో లేదు. ఆ నాలుగైదు కిలోమీటర్లు షేర్ ఆటోయే. లోపల అమ్మినవాళ్ళ పని గేటు దగ్గరే అయిపోతుంది. రాత్రి పదకొండున్నరకి ఆటోలో పక్కన కూర్చునేది మనం.

తాగుడు లేకపోతే గొడవలే ఉండవని కూడా నేననను. మెస్సీ మన దగ్గరికి వచ్చిన రోజే ముందు కోల్‌కతా వెళ్ళాడు. అక్కడ వేలకు వేలు పోసి టికెట్లు కొన్నవాళ్ళకి ఆయన సరిగ్గా కనిపించనేలేదు. కోపంతో సీసాలు, కుర్చీలు విసిరారు. అది మత్తు గొడవ కాదు, మోసపోయామన్న మంట. మనుషులని సరిగ్గా చూడకపోతే మంచినీళ్ళు తాగినవాడు కూడా కుర్చీ విరుస్తాడు. కాబట్టి మందు ఒక్కటి ఆపేసి చేతులు దులుపుకుంటే చాలదు.

ఇదంతా విని మా మరిది, "అయితే మనదంటూ ఏమీ ఉండొద్దంటవా వదినా?" అన్నాడు. ఉండాలనే అన్నాను. పులవకముందు అది నీరా. తెల్లవారక ముందే శుభ్రమైన కుండలోకి పట్టి, దించగానే ఐసులో పెట్టి, చల్లదనం పోకుండా తెస్తే మత్తుండదు. మా పాపా తాగొచ్చు, మా అత్తమ్మా తాగొచ్చు. నెక్లెస్ రోడ్డులో 2023 మేలో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది కదా, మేమందరం వెళ్ళి తాగాం. మా అత్తమ్మ రెండో గ్లాసు అడిగింది. స్టేడియంలో ఒక చిన్న కౌంటర్ అలాంటిది పెట్టమనండి. గీత కార్మికుల సహకార సంఘానికే ఇవ్వండి, మధ్యవాళ్ళు వద్దు. ఈ రోజు నీరా ఏ ఊరినుంచి వచ్చిందో బోర్డు మీద రాయండి. నాలుగు వందల గ్లాసులు వస్తే నాలుగు వందలే అమ్మండి. అయిపోతే అయిపోయింది. అందరికీ చాలాలని పట్టుబట్టిన రోజే బకెట్టు మళ్ళీ బయటికి వస్తుంది. మిగతావాళ్ళకి మజ్జిగ ఉంది, నిమ్మకాయ సోడా ఉంది, ఎండాకాలం ఎల్బీ నగర్ రోడ్డు పక్కన గంపలు పెట్టుకు కూర్చునే మన నల్లగొండ ఆడవాళ్ళ ముంజలున్నాయి. వీటన్నిటికంటే ముందు తాగే మంచినీళ్ళు ఉచితంగా ఇవ్వాలి, ఆడవాళ్ళ బాత్రూములు శుభ్రంగా ఉండాలి.

మన తెలుగు ఆడవాళ్ళకి ఈ విషయంలో మాట్లాడే హక్కు ఎవరో కొత్తగా ఇవ్వక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షర దీపం తరగతులకి వెళ్ళిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించాకే ఆ మంట జిల్లాలు దాటింది. 1993లో సారా నిషేధం వచ్చింది. 1995లో తెచ్చిన సంపూర్ణ మద్య నిషేధం రెండేళ్ళకే పోయింది, అది వేరే సంగతి. నేను నిషేధం అడగడం లేదు. మా నాయన వృత్తిని నిషేధించమని నేనెలా అడుగుతాను? కల్లు చెట్టు కిందే ఉండనీయండి, అక్కడే అది కల్లు. స్టేడియంలో మన పిల్లలకి ఒక సీటు, చేతిలో ఒక చల్లని గ్లాసు, ఆట చివరిదాకా కూర్చునే ధైర్యం ఉండాలి.

మా మరిది ఒప్పుకున్నాడో లేదో చెప్పలేదు. మా వాడు మాత్రం "నీరా ఉంటే టికెట్టు రేటు పెరుగుతదా అమ్మా?" అని అడిగాడు. వాడి లెక్క వాడిది.