ఏ ఫేస్ వెలిగిందో మా వాడికి కనిపించలేదు

పోస్టు కొంచెం పెద్దది, చివరిదాకా చదవండి.

మేము నలుగురం సీతంపేట కొండల్లోని ఊళ్ల నుంచి వచ్చి, శ్రీకాకుళంలో హాస్టల్లో ఉంటూ మెకానికల్ చదువుతున్నాం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇక్కడికి వచ్చేదాకా మౌస్ పట్టుకోలేదు.

త్రీడీ మోడలింగ్ ప్రాక్టికల్‌కి శ్రీకూర్మం గుడి మండపంలో ఒక స్తంభం ఎంచుకున్నాం. ఆదివారం బస్సెక్కి వెళ్లి, అడిగి, టేపుతో కొలతలు రాసుకున్నాం. ఆ గుడికి ధ్వజస్తంభాలు రెండు, గోడల మీద పాత రంగు బొమ్మలు. ఒక బొమ్మ దగ్గర "ఈ ఎరుపు చూడరా" అన్నాం. మా వాడొకడు "ఏటెరుపు? అంతా ఒక్కలాగే ఉంది కదేటి" అన్నాడు. అందరం నవ్వేశాం.

ల్యాబులో ఫ్రీక్యాడ్‌లో గీయడం మొదలెట్టాం. అది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. అందులో స్తంభానికి ఏ పక్క పని చెయ్యాలో ఆ ఫేస్‌ని ముందు ఎంచుకోవాలి. మనం క్లిక్ చేస్తే, మన చూపు నుంచి ఆ చుక్క గుండా ఒక గీత మోడల్లోకి వెళ్తుందనుకోండి. అది ముందుగా ఏ ఫేస్‌కి తగిలితే ఆ ఫేస్ రంగు మారుతుంది. మోడల్‌లో ఏమీ మారదు, చూపించే రంగు మాత్రమే మారుతుంది. సెట్టింగులు ముట్టుకోకపోతే, మౌస్ మీదకెళ్తే పసుపు, క్లిక్ చేస్తే ఆకుపచ్చ.

మా వాడు ప్రతిసారీ తప్పు ఫేస్ మీదే పని చేసేవాడు. "చెప్పింది ఎక్కదా?" అని అందరి ముందూ తిట్లు తిన్నాడు. నిజం చెప్పాలంటే మేము కూడా వాడికి రావట్లేదనే అనుకున్నాం. ఆ రాత్రి బ్యాగు సర్దేశాడు. "మనకీ కంప్యూటర్లు పడవురా. ఇంటికెళ్లి జీడితోట చూసుకుంటాను" అన్నాడు.

తోట మాటకి ఇంకో సంగతి బయటపడింది. చిన్నప్పుడు ఆకుల మధ్య ఎర్ర జీడిపండు వాడికి దూరం నుంచి కనిపించేది కాదంట. కళ్లు లేవా అని వాళ్లయ్య కేకలేసేవాడంట. అప్పుడు మాకు శ్రీకూర్మం గోడ గుర్తొచ్చింది.

కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. రంగు చుక్కల్లో అంకెలుండే ఇషిహరా పుస్తకం చూపించారు. మా ముగ్గురికీ కనిపించిన అంకెలు చాలావరకు వాడికి కనిపించలేదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని చూపు. మగవాళ్లలో సుమారు 12 మందిలో ఒకరికి ఉంటుందంట, ఆడవాళ్లలో చాలా తక్కువ. పుట్టుకతో వచ్చేది. పసుపు, లేత ఆకుపచ్చ వాడికి దాదాపు ఒకటే. ఏది వెలిగిందో, ఏది ఎంచుకున్నాడో ఎలా తెలుస్తుంది?

ప్రిఫరెన్సెస్‌లోకెళ్లి ఎంచుకున్న ఫేస్ రంగుని ముదురు నీలం చేశాం. రెండు నిమిషాల పని. సెలక్షన్ వ్యూ అనే పలక కూడా తెరిచి పెట్టాం. అందులో ఎంచుకున్నది ఫేస్ 6 అని పేరుతో రాసి ఉంటుంది కాబట్టి రంగుతో పనే లేదు. వారం తిరిగేసరికి స్తంభం మొత్తం వాడే పూర్తి చేశాడు. మాలో అందరికన్నా కొలతలు శుభ్రంగా వచ్చింది వాడికే.

ఇంకో ముఖ్యమైన సంగతి. మనవాళ్లు చాలామంది రైల్వేకి ప్రిపేర్ అవుతున్నారు. అసిస్టెంట్ లోకో పైలట్‌కి రంగుల చూపు పరీక్ష తప్పనిసరి. రెండేళ్లు చదివి మెడికల్లో ఆగిపోవడం కన్నా, ముందే చూపించుకుంటే వేరే పోస్టుకి తయారవ్వచ్చు.

మీ హాస్టల్లో ఎవడైనా "అంతా ఒక్కలాగే ఉంది" అంటే, వాడికి ఏం కనిపిస్తోందో అడగండి. నవ్వకండి. మేము నవ్వాం, వాడు బ్యాగు సర్దుకునేదాకా తెచ్చాం.