మడత సైకిలు, మూడు నందులు

మడత సైకిల్‌ను బస్సెక్కించి నంద్యాలలో దిగాను. చిన్న చక్రాలు, వేగం రాదు. ఊరు చూడటానికి వేగంతో పనేముంది? నవనందులనే తొమ్మిది గుళ్లలో ప్రథమ నంది, నాగ నంది, సోమ నంది ఊళ్లోనే ఉన్నాయి. కార్తీకంలో జనం తొమ్మిదింటినీ ఒక్కరోజులో చుట్టేస్తారు. నేను మూడింటికే పొద్దంతా పెట్టుకున్నాను. సందు ఇరుకైన చోటల్లా దిగి, సైకిల్‌ను పక్కన నడిపించుకుంటూ వెళ్లాను. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన ఊరు, రద్దీ పెరిగింది. అయినా గుళ్లోకి అడుగుపెడితే చల్లదనం, నూనె దీపాల వాసన.

మర్నాడు మళ్లీ బస్సే, ఆళ్లగడ్డకు. అహోబిలం వెళ్లేవాళ్లు ఇక్కడ బస్సు మారి వెళ్లిపోతారు. రోడ్డు పక్క శిల్పుల పాకల ముందు ఆగేది తక్కువ. నాకది బాధ. ఒక పాకలో యంత్రం రాతిని కోస్తోంది. దానికి దూరంగా ఒక పెద్దాయన నల్లరాతి నంది ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని, కనురెప్ప గీత మీద ఉలి ఆనించి, సుత్తితో తాకీ తాకనట్టు కొడుతున్నాడు. నాలుగు దెబ్బలు, ఒక ఊదు. మళ్లీ నాలుగు దెబ్బలు.

"ఈడ దుమ్ము పడతాది నాయనా, ఆ పక్కకి కూచో" అన్నాడు తలెత్తకుండానే.

కదల్లేదు. రెండో కన్ను తెరుచుకునేదాకా అక్కడే కూర్చున్నాను. లేచేసరికి సైకిల్ సీటు మీద సన్నగా రాతిపొడి పేరుకుంది.