విశాఖలో 180 రోజులు

మీ అబ్బాయో, మేనల్లుడో పై దేశంలో ఉద్యోగం చేసుకుంటూ అక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడనుకోండి. "ఈసారి తను ఆర్నెల్లు మనింట్లోనే ఉంటుందమ్మా" అని ఫోను చేశాడనుకోండి. ముందు మీకేం తడుతుంది? కారం తింటుందా, కింద కూర్చోగలదా, గీజరు బాగుచేయించాలా... ఇవేగా! వీసా సంగతి మన బుర్రకి తట్టనే తట్టదు. వీసా అంటే మనం అమెరికా వెళ్లడానికి హైదరాబాదులో క్యూ కట్టి తెచ్చుకునేదనే మనకు తెలుసు. మన ఊళ్లో, మన వంటింట్లో ఉండటానికి వాళ్లకీ అదే తంటా అని ఎవరనుకుంటారు చెప్పండి?

మా ఉక్కునగరంలో పక్క క్వార్టరు అక్కయ్యగారి కోడలు అమెరికా పిల్ల. సంక్రాంతికి వారం ముందు, ఆరు నెలల చంటివాణ్ణి ఎత్తుకుని దిగింది. దిగిన రోజునే మొదలైంది కాగితాల గొడవ. విదేశీయులు హోటల్లో దిగినా, మామూలు ఇంట్లో దిగినా, ఆశ్రయమిచ్చినవాళ్లు 24 గంటల్లోపల ప్రభుత్వానికి తెలపాలి. ఇన్నేళ్లూ ఫారం-సి అని పిలిచేది దీన్నే. ఇంటర్నెట్‌లోనే నింపొచ్చు. "సొంత కోడలికి ఫారమేమిటి, అద్దెకొచ్చిందా?" అని అక్కయ్యగారు నొచ్చుకున్నారు గానీ, బావగారు ప్లాంటులో ముప్పై ఏళ్లు రిజిస్టర్లు రాసిన మనిషి. ప్రయాణపు బడలిక తీరకముందే కోడలి పాస్‌పోర్టూ, చంటివాడి పాస్‌పోర్టూ అడిగి తీసుకుని ఆ పని కానిచ్చేశారు. అవునండీ, పాలసీసా వదలని పసివాడికీ పాస్‌పోర్టు, వీసా విడివిడిగా ఉండాల్సిందే. అక్కడ పుట్టాడు కనుక వాడూ మనకి విదేశీయుడే!

ఇక ఊరు చూపించే పని నా మీద పడింది. బయటివాళ్లకి చూపిస్తుంటే మన ఊరు మనకే కొత్తగా కనిపిస్తుందంటే నమ్మండి. ముందు రామకృష్ణా బీచికే తీసుకెళ్లాను. అక్కడ ఒడ్డున పెట్టిన కురుసుర జలాంతర్గామి 2002 నుంచి మ్యూజియం. ఎదురుగా 2017లో టి.యు-142 విమానం కూడా వచ్చింది. రెండూ సోవియట్ దేశంలో తయారైనవే. ఉక్కు ఫ్యాక్టరీ సరేసరి, అదీ సోవియట్ సహకారంతో కట్టిందే. "మీ ఊరంతా రష్యావాళ్లదేనా?" అని నవ్వింది అమెరికా పిల్ల. జలాంతర్గామి లోపల ఇరుకు వంటగది దగ్గర ఆగి, ఇంతమందికి ఇందులో ఎలా వండేవారో అని ఆశ్చర్యపోయింది. ఆడవాళ్ల కళ్లు ఏ దేశంలోనైనా అక్కడికే పోతాయి మరి. బయటకొచ్చి పొట్లంలో మురీ మిక్చరు తిన్నాం. నీళ్లలోకి మాత్రం దిగనివ్వలేదు. మన సముద్రం చూడటానికే గానీ ఈతకి పనికిరాదు. లోపలికి లాగేస్తుంది. చుట్టాలొస్తే ఈ మాట మీరూ గట్టిగానే చెప్పండి.

హార్బరు లోపలికి పర్మిట్ లేనిదే వెళ్లనివ్వరు. దానికి బదులు పాతపట్నం వైపు వెళ్లి కొండలు ఎక్కించాను. ఒక కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, మరొకదాని మీద చర్చి. మూడూ పక్కపక్కనే, మూడింటి కిందనుంచీ ఓడలు పోతుంటాయి. 1933లో మొదటి ఓడ 'జలదుర్గ' ఈ రేవులోకి వచ్చింది. నౌకాదళం ఉన్న ఊరు కనుక ఎక్కడ పడితే అక్కడ ఫొటోలు తియ్యకూడదని ముందే చెప్పి, కెమెరా సంచిలో పెట్టించాను.

సింహాచలంలో స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉంటాడనీ, అక్షయతృతీయ నాడు ఒక్కరోజే నిజరూపం చూపిస్తాడనీ చెబితే కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. కొండ కింద సంపెంగలు కొని తల్లో ఎలా పెట్టుకోవాలో తెలియక చెవి వెనక దోపుకుంది. అరకు రైలెక్కించాం. 2017 నుంచి ఆ దారిలో అద్దాల బోగీ ఉంది. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో పిల్లలంతా కేకలు పెడితే మా చంటివాడు బిక్కమొహం వేశాడు. ఆ లైను 1960లలో జపానుకి ఇనుప ఖనిజం పంపడానికి వేసింది. ఇప్పుడు మనం బొంగు చికెను తినడానికి వెళ్తున్నాం!

నాకు మాత్రం గుర్తుండిపోయింది భీమిలి. అక్కడ డచ్చివాళ్ల సమాధులున్నాయి. వర్తకానికని వచ్చి, ఈ ఒడ్డునే కన్నుమూసినవాళ్లు. రాళ్ల మీద పేర్లు తడిమి చూస్తూ, "వీళ్లకి ఎన్ని రోజులిచ్చారో" అంది. నవ్వుతూనే అంది, నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే అప్పటికే లెక్క మొదలైంది. ఆమె తెచ్చుకున్నది ఇంటర్నెట్‌లో తీసుకున్న ఈ-టూరిస్టు వీసా. అది అయిదేళ్లకిచ్చారు కదా అని అయిదేళ్లూ ఉండొచ్చనుకోకూడదు. ఆ అమ్మాయికి ఒక రాకకి 180 రోజులే. పొడిగింపు లేదు, ఇంకో రకం వీసాగా మార్చుకునేదీ లేదు. చూసి పోవడానికి వచ్చేవాళ్లకి అది చాలు. సంసారం చెయ్యడానికి వచ్చేవాళ్లకి చాలదు. భారతీయుణ్ణి పెళ్లాడినవాళ్లు అక్కడి మన కాన్సులేటు ద్వారా ఎంట్రీ వీసా తెచ్చుకోవచ్చు. ఎక్కువకాలం ఉండాలంటే అదే దారి. దానికి కాగితాలు ఎక్కువ, రోజులు పడతాయని మన కుర్రాడు సులువైనది పట్టాడు. కుర్రాళ్లంతే.

మే నెలలో ఆవకాయ కాయ కొట్టించిన రోజునే అక్కయ్యగారు స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటి విరిగింది. ఆపరేషనయింది. కొడుకు సెలవు దొరక్క అక్కడే ఉండిపోయాడు. చేసిందంతా ఆ పిల్లే. తెలుగు ముక్కలు నాలుగు నేర్చుకుని, "అత్తయ్యా, మందు" అంటూ, చంటివాణ్ణి చంకనేసుకుని, అత్తగారికి జుట్టు దువ్వడం దగ్గర్నుంచి చేసింది. మిగిలిన ఆవకాయ నేను చెప్తుంటే తనే కలిపింది. మెంతిపిండి కాస్త ఎక్కువైంది, అయినా ఎవరూ ఏమీ అనలేదు.

జులై మొదటివారంతో రోజులు సరి. అక్కయ్యగారికేమో ఇంకా మంచం దిగే ఓపిక లేదు. తెలిసినాయన ఒకరు, "పది రోజులు ఎక్కువుంటే ఎవరడుగుతారండీ, చూసీ చూడనట్టు పోతారు" అన్నారు. ఇలాంటి సలహా ఇచ్చేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు, మీరు మాత్రం వినకండి. గడువు దాటితే జరిమానా కట్టాలి, ఎగ్జిట్ పర్మిట్ తీసుకోనిదే విమానం ఎక్కనివ్వరు, మళ్లీ వీసా అడిగినప్పుడు ఆ మచ్చ బయటపడుతుంది. ఇలాంటి అర్జీలన్నీ 2018 నుంచి ఈ-ఎఫ్.ఆర్.ఆర్.ఓ. అనే ప్రభుత్వ సైటులోనే పెట్టుకోవచ్చు. బావగారు అక్కడా విచారించారు. జబ్బుపడింది వీసా ఉన్నావిడ కాదు, అత్తగారాయె. ఫలితం లేకపోయింది. గడువుకి మూడు రోజుల ముందే తల్లీబిడ్డా విమానమెక్కారు. అక్కయ్యగారి మంచం పక్కన కూర్చుని ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు చూసి, పనిమనిషి "కన్నకూతురైనా ఇలా ఏడవదమ్మా" అంది.

ఇక మిగిలింది ఓ.సి.ఐ. కార్డు. ఇది మీకు తప్పక పనికొస్తుంది, జాగ్రత్తగా చదవండి. భారతీయుణ్ణి పెళ్లాడిన విదేశీ వనిత, పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిండాక దీనికి అర్జీ పెట్టుకోవచ్చు. పిల్లలకైతే తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులైతే చాలు, రెండేళ్ల కోసం ఆగక్కర్లేదు. కార్డు వచ్చాక ఎన్నిసార్లయినా రావచ్చు, ఎన్నాళ్లయినా ఉండొచ్చు. ఇది ఓటుహక్కు కాదు, పౌరసత్వమూ కాదు. పొలం కొనడానికీ పనికిరాదు. కోడలు రావడానికి ఇంకేం కావాలి! పెళ్లి సర్టిఫికెట్టు అసలు ప్రతి ఎక్కడుందో ఇప్పుడే వెతికి పెట్టుకోండి. అర్జీ పెట్టేది ప్రభుత్వ సైటేనని, చివర 'జీఓవీ డాట్ ఇన్' ఉందని చూసుకోండి. అచ్చం అలాగే కనిపించే దొంగ సైట్లు డబ్బు గుంజుతున్నాయి.

వీళ్ల పెళ్లికి రెండేళ్లు నిండటానికి అప్పటికింకా రెండు నెలలు తక్కువ. నిండగానే అర్జీ పెట్టారు. అక్కయ్యగారిప్పుడు కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడుస్తున్నారు. చంటివాడికి కట్టిన చీర ఉయ్యాల మాత్రం ఎవర్నీ విప్పనివ్వడం లేదు.