తల్లి వరుస – పిల్ల వరుసలు

మా కళాశాల గ్రంథాలయపు లెక్కలను కంప్యూటరు కెక్కించే పని గత సంవత్సరం నాకు అప్పగించారు. 1970లో ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన విధానం ప్రకారం సమాచారాన్ని పట్టికలలో అమర్చాను. ఒకదానిలో విద్యార్థులు, రెండవదానిలో వారు తీసుకున్న పుస్తకాలు, మూడవదానిలో వాటిపై చెల్లించిన జరిమానా రసీదులు. పట్టికలకూ, మనం వ్రాసే ప్రోగ్రాముకూ నడుమ ఓ.ఆర్.ఎం. అనే సాధనం దుబాసీ వంటిది. నేను జాంగోలోని దుబాసీని ఎంచుకున్నాను.

విద్యార్థి పేరు మార్చమంటే అది క్షణంలో మారుస్తుంది. పేరుతోపాటు పుస్తకాల జాబితానూ సవరించమంటే మాత్రం ఏది పాతదో, ఏది కొత్తదో తనంత తాను నిర్ణయించదు. ఆ వివేకం మనమే నేర్పాలి. నేను తేలిక మార్గం త్రొక్కి, పాత వరుసలన్నీ చెరిపి కొత్తగా వ్రాయించాను. జాబితా చక్కగానే కనిపించింది. కాని ఆ వరుసల నాశ్రయించిన రసీదులు కూడా వాటితోనే అంతరించాయి. జరిమానా కట్టిన ఒక పేద విద్యార్థి తిరిగి బాకీదారయ్యాడు. అతడు నలిగిన రసీదు నా ముందుంచినప్పుడు తలెత్తలేకపోయాను.

రసీదు పుస్తకంలోని నకళ్ళు చూసి పోయినవన్నీ మరల ఎక్కించాను. పిమ్మట పద్ధతి మార్చాను. గుర్తింపు సంఖ్య ఉన్న వరుస ఆ విద్యార్థిదేనని నిర్ధారించుకొని సవరించడం, సంఖ్య లేనిదానిని చేర్చడం, జాబితాలో లేనిదానిని మాత్రమే తొలగించడం, రసీదున్నదానిని చెరపనివ్వకపోవడం. ఇదంతా ఒకే లావాదేవీ. నడుమ తప్పు దొర్లితే ఏదీ మారదు.

సోదర విద్యార్థులారా! చెరపడం సులభం. చెరిపేదానిపై ఎవరు ఆధారపడి ఉన్నారో ముందుగా విచారించడం మన ధర్మం.