నూరేండ్ల అల

1995వ సంవత్సరము జనవరి 1వ తేదీ మధ్యాహ్నమున ఉత్తరసముద్రములో పెనుగాలి వీచుచుండెను. అచ్చట 70 మీటర్ల లోతు నీటిలో నార్వే దేశమువారి ద్రౌప్నర్ అను ఉక్కువేదిక కలదు. సముద్రగర్భమున వేసిన గొట్టములలో ప్రవహించు వాయువునకు అది కూడలి. ఆ వేదికనుండి క్రిందికి చూచుచు నీటి యెత్తును క్షణక్షణము లిఖించు లేజరు పరికరము నొకదానిని దానికి అమర్చియుండిరి. ఆ సమయమున వచ్చుచుండిన అలలలో పెద్దవగు మూడవవంతు అలల సగటు ఎత్తు 12 మీటర్లు. వాని నడుమ ఒక్క అల, పల్లమునుండి శిఖరమువరకు 25.6 మీటర్లు లేచినది. నిశ్చలజలమట్టమునకు పైన దాని శిఖరము 18.5 మీటర్లు, అనగా ఆరంతస్తుల మేడయెత్తు. ఇట్టి అలలు కలవని నావికులు తరతరములుగా చెప్పుచునే యుండిరి. వారి మాటలను అతిశయోక్తులలో చేర్చినవారికి ఆనాడు అంకెలలో సమాధానము దొరకినది. వేదికకు స్వల్పనష్టము మాత్రమే కలిగినది.

మన కోనసీమ పిల్లలకు ఆ దూరదేశపు అలతో పనియేమి యని తలిదండ్రులలో కొందరు తలపవచ్చును. మన గ్రామములనుండి ఎందరు యువకులు వెల్డర్లుగను, ఫిట్టర్లుగను ముంబయి సముద్రమునకును గల్ఫు దేశములకును పోవుచున్నారో వారే యెరుగుదురు. ఆ కట్టడముల నన్నింటిని మన యూళ్లలో రిగ్గులనియే పిలుతురు. బావిని తవ్వునది రిగ్గు, తవ్విన పిదప నిలిచి చమురును తీయునది వేదిక యని శాస్త్రజ్ఞులు భేదము చెప్పుదురు. మన తల్లులకు ఆ భేదముతో పనిలేదు. తమ బిడ్డ నిలుచు చోటు ఏదియో అదియే వారికి రిగ్గు.

అట్టి వెల్డరు తమ్ముడొకడు మా పదవ తరగతిలో నున్నాడు. సంభావ్యత పాఠము చెప్పుచుండగా అతడు లేచి, "మాస్టారండీ, సముద్రంలో కట్టేవాటిని నూరేళ్ల అలకి తట్టుకునేలా కడతారని మా అన్నయ్య చెప్పాడండి. అలాంటిది ఒకసారి వచ్చి పోతే ఇంక నూరేళ్లదాకా భయం లేనట్టేనాండీ?" అని యడిగెను. తరగతి నవ్వెను గాని నేను నవ్వలేదు. పెద్దవారును పడు భ్రమ అది. నూరేండ్ల అల యనగా నూరేండ్ల కొకమారు నియమముగా వచ్చు అతిథి కాదు. ఏ సంవత్సరమునందైనను దానిని మించు అల వచ్చుటకు నూటికి ఒకపాలు అవకాశము కలదని మాత్రమే దాని యర్థము. సముద్రమునకు పంచాంగము లేదు. నిరుడు వచ్చినది ఈయేడును రావచ్చును.

"అయినచో వేదిక 30 ఏండ్లు నిలువవలెననుకొనుము. ఆ కాలములో అట్టి అల ఒక్కటియు రాకుండుటకు అవకాశమెంత?" అని నేనడిగితిని. అతడు నల్లబల్లయొద్దకు పోయి 0.99ని 30 మారులు హెచ్చవేసెను. వచ్చినది 0.74. అనగా వచ్చుటకు నూటికి 26 పాళ్లు. నాలుగు వేదికలలో ఒకదాని జీవితకాలములో నూరేండ్ల అల వచ్చుననుట! బాలుడు సుద్దముక్క క్రిందపెట్టి కొంతసేపు ఆ యంకెను చూచుచు నిలిచెను. ఈ లెక్క తెలిసినవారు కనుకనే నార్వే దేశమువారు నూరేండ్లతో ఆగరు. పదివేల యేండ్ల అలను గూడ గణించి, అది వచ్చినచో కట్టడము దెబ్బతినవచ్చును గాని కూలరాదని శాసించిరి.

అలకు ఎదురునిలుచుట యెట్లు? 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను తుపాను కూల్చినప్పుడు నేను విద్యార్థిని. తెల్లవారి చూడగా మా వీథిలో నొక యిటుకగోడ నేలకొరిగియుండెను. దాని ప్రక్కనే యున్న తాటాకుల దడి, ఆకులు చెదరి, గుంజలతో నిలిచియే యుండెను. గోడ గాలిని ఆపబోయినది, దడి దారి యిచ్చినది. సముద్రవేదిక కాళ్లను గట్టిగోడవలె కాక, గొట్టములను అల్లి, నడుమ ఖాళీలుంచి కట్టుట ఇందుకే. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు బరువైనది. ప్రవాహవేగము రెండింతలైనచో దాని ఒరిపిడి తాకిడి నాలుగింతలగును. నీటివేగము మారుటవలన కలుగు తాకిడి వేరు. ఈ రెంటిని గూర్చి లెక్కించు సూత్రమును కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన మోరిసన్, ఆయన సహచరులు 1950లో ప్రకటించిరి. నేటికిని సన్నని గొట్టముల విషయమున ఇంజనీర్లు దానినే వాడుదురు.

కాళ్లు దడివంటివైనను, పైనుండు అంతస్తు మాత్రము గోడయే. యంత్రములు, వంటయిల్లు, పడకలు అన్నియు అందే గలవు. అల దానిని తాకరాదు. కావున శిఖరమునకును అంతస్తు అడుగునకును నడుమ కొంత ఖాళీ విడుతురు. ఎంత విడువవలె ననునదియే కట్టువారి మొదటి తీర్పు. ఎక్కువ విడిచినచో ఉక్కు, ధనము పెరుగును. తక్కువైనచో ఏమగునో చెప్పనక్కరలేదు. ఈ ఖాళీ యొకసారి నిర్ణయించిన పిదప మారదనుకొందుము గదా! ఉత్తరసముద్రములోని ఎకోఫిస్క్ క్షేత్రమున అది మారినది. అచ్చటి చమురు సుద్దరాతిపొరలలో నుండెను. 1971 మొదలు దానిని తీయుచుండగా లోపలి పీడనము తగ్గి, సుద్దరాయి అణగి, సముద్రపు నేలయే క్రుంగసాగెను. 1984లో ఈ సంగతి గ్రహించిరి. అల పెరుగలేదు, వేదికయే దిగిపోవుచున్నది! 1987లో కాళ్లను కోసి, జాకీలతో అంతస్తులను 6 మీటర్లు పైకెత్తి, నడుమ క్రొత్త ముక్కలను అతికిరి. వేలకొలది టన్నుల బరువును నడిసంద్రమున అట్లు ఎత్తిన పనిని తలచుకొన్నప్పుడెల్ల నాకు ఆశ్చర్యము తగ్గదు.

అయితే ఆ విద్యార్థికి నేను ముఖ్యముగా చెప్పగోరినది పెద్ద అలను గూర్చి కాదు, చిన్న అలలను గూర్చి. పది క్షణముల కొక అల చొప్పున లెక్కించినను సంవత్సరమునకు 31 లక్షలకు పైగా, 30 ఏండ్లలో 9 కోట్లకు పైగా అలలు కట్టడమును అటునిటు వంచును. ఒక్కొక్కటి చేయునది స్వల్పము. తీగను పలుమారులు వంచినచో తెగుట మీరెరుగుదురు. ఉక్కునకును ఆ యలసట కలదు.

1980 మార్చి 27వ తేదీ సాయంకాలము ఎకోఫిస్క్ ప్రాంతముననే అలెగ్జాండర్ కీలాండ్ అను తేలెడు వేదిక తలక్రిందులయ్యెను. అది పనివారికి వసతిగృహముగా నుండెను. అందున్న 212 మందిలో 123 మంది మరణించిరి. ఆనాటి అలలు నూరేండ్ల అలలు కావు. అట్టి సముద్రములో మామూలు తుపానునాడు లేచునంతటివే. విచారణలో తేలినదేమనగా, అయిదు స్తంభములను కలుపు గొట్టములలో నొకదానికి, నీటిలోని ధ్వనులను వినెడు పరికరము నొకదానిని నిలుపుటకై ఒక చిన్న పట్టును వెల్డింగుచేసి అతికిరి. ఆ అతుకు మందము 6 మిల్లీమీటర్లు. ముఖ్యమైనది కాదని దానిని ఎవరును అంతగా పరీక్షింపలేదు. దానియందు పగులు పుట్టినది. పగులులోపల రంగు కనబడెను. అనగా వేదికను సముద్రములో దింపుటకు ముందే, రంగు వేయునాటికే ఆ పగులు ఉండెను. అలలు దానిని కొంచెము కొంచెముగా పెంచినవి. తుదకు గొట్టము తెగి, తక్కినవియు తెగి, ఒక స్తంభము ఊడిపోయెను. ఈ కథ విని ఆ బాలుడు, "మా అన్నయ్య చేసేది ఆ పనే కదండీ" అని మాత్రము అనెను. అవును, ఆ పనియే. పరీక్షకుడు రానిచోట గూడ అతుకు సరిగా నుండవలెనని అన్నకు చెప్పుమని నేను అతనితో అనలేదు. ఆ యన్న పని నేర్చినచోట అది చెప్పియే యుందురు.

మన తూర్పుసముద్రమున మరియొక విధమైన చిక్కు కలదు. కాకినాడకు ఎదురుగా 1000 మీటర్లకు మించిన లోతులో నున్న క్షేత్రమునుండి 2009లో వాయువు తీయ మొదలుపెట్టిరి. అక్కడ బావితలలు సముద్రపు నేలమీదనే కలవు. అలపొడవులో సగము లోతునకు దిగినచో నీటి కదలిక పైదానిలో నూటికి 4 పాళ్లకు తగ్గును. కాబట్టి పైన ఎంత తుపాను రేగినను అంత లోతున దాని యలలకు ప్రవేశము లేదు. అలనుండి తప్పించుకొంటిమని సంతోషించులోపల చలి పట్టుకొనును. ఆ లోతున నీరు మన తీరపు నీటివలె వెచ్చనిది కాదు, పీడనము నూరింతలు. ఆ స్థితిలో వాయువును, దానితో వచ్చు నీరును కలిసి మంచువంటి గడ్డలై గొట్టమును మూసివేయును. ఆ గడ్డలు నీరు గడ్డకట్టు చలికంటె వెచ్చని చోటనే పుట్టుట వింత. వాని నివారణకు గ్లైకాలు వంటి ద్రవములను గొట్టములోనికి పంపుదురు.

వాతావరణము కట్టడమునే కాక మనుష్యుల రాకపోకలను గూడ శాసించును. మెక్సికో సింధుశాఖలో తుపాను వచ్చునని కొన్ని దినములు ముందే తెలియును. బావులు మూసి అందరును హెలికాప్టర్లలో ఒడ్డు చేరుదురు. 2005లో కత్రినా, రీటా తుపానులు 100కు పైగా వేదికలను నాశనము చేసినను, దిగిపోయినవారు బ్రదికిరి. ఉత్తరసముద్రమున గాలివానలు త్వరగా వచ్చును, తరచుగా వచ్చును. అక్కడివారు వేదికమీదనే యుండి ఓర్చుకొందురు, కనుక వేదిక వారిని మోయునంత బలముగా నుండవలెను. ముంబయి సముద్రమున జూన్ మొదలు సెప్టెంబరు వరకు ఋతుపవనము కట్టుబడిపనులను ఆపివేయును. అందుచేత మే నెలలో మిగిలిన పనులను త్వరపెట్టుదురు. 2021 మే 17వ తేదీన తౌక్టే తుపాను వచ్చినప్పుడు పి-305 అను వసతి బార్జి యొకటి లంగరులు తెగి కొట్టుకొనిపోయి, ఒక వేదికను ఢీకొని మునిగినది. 70 మందికి పైగా చనిపోయిరి. హెచ్చరిక ముందుగానే యుండెను.

ఆ సంవత్సరము మొదలు మే నెల వచ్చినప్పుడెల్ల ఆ వెల్డరు తల్లికి నిద్ర పట్టదు. ఈ వేసవిలో పశ్చిమసముద్రమున వాయుగుండమను వార్త విని ఆమె మా యింటికి వచ్చి, "మాస్టారండీ, ఆ రిగ్గు నిలబడుద్దంటారా?" అని యడిగెను. పైని వ్రాసిన లెక్కలన్నియు నా మనస్సులో మెదలినవి. "నిలబడే వేదికలు నిలబడతాయమ్మా, అవి అందుకే కట్టినవి. మీ అబ్బాయి పడుకునేది వేదికమీదా, బార్జిమీదా? బార్జి అయితే దాన్ని ఏ రోజున రేవుకి తీసుకొస్తున్నారు? ఆ రెండూ కనుక్కోండి" అంటిని. ఆమె నా యెదుటనే కుమారునికి ఫోను చేసెను. వారిది బార్జియేనట, మరునాడు తెల్లవారుజామున బయలుదేరి రేవు చేరుదురని ఆజ్ఞ వచ్చియుండెను. ఆమె ఎన్ని గంటలకని రెండుమారులు అడిగి తెలిసికొని, ఆ గంటను తన చేతిసంచిలోని రేషనుకార్డు వెనుక వ్రాసిపెట్టుమని నాకు కలమునిచ్చెను.