రూపాయి పడితే ఎవరి మీద పడుతుంది?

డాలర్ 90 దాటిందని మా స్టాఫ్‌రూంలో ఒకటే దిగులు. వేసవి సెలవులకు బ్యాంకాక్ మానుకుని అరకుతో సరిపెట్టుకుంటారట. మంచిదే, అరకులో టీకొట్టు వాళ్లకు నాలుగు డబ్బులొస్తాయి.

చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకునే మన పిల్లల లెక్క వేరు. అశోక్‌నగర్ కోచింగ్ నోట్సులో "రూపాయి బలహీనపడితే ఎగుమతులకు లాభం" అని ఉంటుంది. బట్టీ కొట్టండి, మార్కులొస్తాయి. కానీ ఆ లాభం ఎవరి జేబులోంచి? ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదు, వ్యాపారికి మిగిలేది కూలోడు పోగొట్టుకున్నదేనని బాబాసాహెబ్ 1923లోనే 'ది ప్రాబ్లెమ్ ఆఫ్ ది రూపీ'లో రాశారు. నారాయణగూడ మెస్సులో కాగే నూనె, మండే గ్యాసు సగానికి పైగా దిగుమతే మరి.

ఇంకో లెక్క చూడండి. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ విద్యార్థికిచ్చేది 20 లక్షలు. 2016లో డాలర్ 67 రూపాయల దగ్గరుంది, అంటే సుమారు 29,800 డాలర్లు. 90 దగ్గర 22,200. జీవోలో అంకె అదే, ఏడున్నర వేల డాలర్లు మాత్రం గాయబ్. ఆ లోటుకు ఊళ్లో నాయిన మిత్తికి తెస్తాడు. అమెరికాలో బిడ్డ సెలవులకు ఇంటికి రాకుండా పనికి పోతుంది. ఆ 20 లక్షలను డాలర్ రేటుతో ముడిపెట్టమని అడుగుదాం. వినతిపత్రం రాస్తున్నా, సంతకాలకు ఆదివారం లైబ్రరీ దగ్గరికి రండి.