బండికి పెళ్ళిచూపులు

పాతబండి అమ్మడమూ, పిల్లకు సంబంధం కుదర్చడమూ ఒకటేనండీ! తళతళా తుడిచి నిలబెడితే చాలదు, లోపాలూ చెప్పాలి.

మావారి పెద్ద మోటారు సైకిలు నంబరు ఏపీ 02. 2022లో మా కనగానపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినా, బండిది మాత్రం ఇంకా అనంతపురం ఇంటిపేరే!

ధర్మవరం నుంచి చూడవచ్చిన మగ్గం కుర్రవాడితో, "ఆయిలు కారుతుంది నాయనా, చలికాలం నాలుగు కిక్కులకుగానీ లేవదు" అన్నాను.

"అమ్ముకునేవాళ్ళెవరైనా ఇలా చెబుతారా?" అని మావారు గొణిగారు.

చీకటిదారిలో బండి మొరాయిస్తే, ఇంటిదగ్గర వాళ్ళమ్మ గుమ్మంలో కూర్చుని ఎదురుచూడదూ?

రెండు వేలు తగ్గించాం. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలయ్యాయి. అమ్మిన 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాలి. లేకుంటే రేపు ఏం జరిగినా తాఖీదు మన గుమ్మానికే!

ఐదో కిక్కుకు బండి లేచింది. కుర్రవాడు నవ్వాడే గానీ విసుక్కోలేదు. ముందే చెప్పాంగా!